డిగ్రీ తరగతికి ఓపెన్ వనరులతో ఒక యూనిట్ తయారుచేసుకోవడం

తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి వచ్చి డిగ్రీలో గణాంకశాస్త్రం తీసుకున్న విద్యార్థికి ఎంత మంచి ఇంగ్లిష్ పుస్తకం ఇచ్చినా అది సగమే ఉపయోగపడుతుందని, ఆ తరగతికి ఒక సెమిస్టర్ పాఠం చెప్పినవారెవరికైనా తెలుసు. ఈ లోటు పూడ్చుకోవడానికి ఓపెన్ విద్యావనరులు, అంటే ఎవరైనా తీసుకుని మార్చి వాడుకోవడానికి అనుమతి ఉన్న పాఠ్యసామగ్రి, స్టాఫ్‌రూమ్ మాటలో ఓఈఆర్, నిజంగానే పనికొస్తాయి. అయితే చేతికందేది బియ్యమే, అన్నం మనమే వండుకోవాలి. ఒక యూనిట్‌ను ఈ వనరులతో ఎలా తయారుచేసుకోవచ్చో, ఎక్కడెక్కడ అవి సాయపడలేవో నా అనుభవంలోంచి వివరిస్తాను.

ముందుగా ఒక్క యూనిట్ మాత్రమే ఎంచుకోండి. పేపరు మొత్తం సిద్ధం చేసేద్దామని మొదలుపెట్టి రెండో యూనిట్ దగ్గరే చతికిలబడినవారిని చాలామందిని చూశాను, వారిలో నేనూ ఒకణ్ణి. ఉన్న పుస్తకం బాగానే చెప్పిన యూనిట్‌ను వదిలేసి, విద్యార్థులు ప్రతి ఏడూ తడబడేదాన్ని తీసుకోవాలి. ఇక్కడ ఉదాహరణగా సగటులు, విస్తరణ కొలతలు ఉన్న యూనిట్‌ను తీసుకుంటున్నాను.

ఇక వెతకడం. 2001లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన కోర్సుల సామగ్రిని ఇంటర్నెట్‌లో అందరికీ ఇస్తామని ప్రకటించింది. మరుసటి ఏడు యునెస్కో సమావేశంలో ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అన్న పేరు స్థిరపడింది. 2003లో మన ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వీడియో పాఠాల వేదికను మొదలుపెట్టాయి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి 2012లో వచ్చిన ఓపెన్‌స్టాక్స్ పూర్తి పాఠ్యపుస్తకాలనే ఇస్తోంది. మన యూనిట్‌కు సరిపోయే సరుకు ఎక్కువగా ఈ మూడు చోట్లే దొరుకుతుంది కనుక, వెతకడం ఒక పూట పని. అసలు జాగ్రత్త అంతా ఆ తరువాతి మెట్టులో ఉంది.

ఉచితంగా చదువుకోవడానికి దొరికినంత మాత్రాన ఒక పుస్తకం ఓపెన్ కాదు. దాన్ని మన దగ్గర ఉంచుకోవడానికి, వాడడానికి, మార్చడానికి, మరోదానితో కలపడానికి, తిరిగి పంచడానికి హక్కు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. ఆ రాతే లైసెన్సు. సాధారణంగా కనబడేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. సీసీ బై అంటే రచయిత పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. దానికి ఎస్ఏ చేరితే, మనం మార్చి తయారుచేసినదాన్ని కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎన్‌సీ చేరితే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ చేరితే మార్చినదాన్ని పంచకూడదు. అనువాదం కూడా మార్పే కనుక తెలుగు చేసి విద్యార్థులకు పంచాలనుకునేవారు ఎన్‌డీ అన్న అక్షరాలు కనబడగానే ఆ వనరును పక్కన పెట్టేయడం మేలు. ఏ గుర్తూ లేకపోతే సర్వహక్కులూ రచయితవేనని అర్థం చేసుకోవాలి.

ఈ అక్షరాలను తేలిగ్గా తీసుకుని నేను రెండు వారాల పని పాడుచేసుకున్నాను. ఎంఐటీ సామగ్రిపై బై-ఎన్‌సీ-ఎస్ఏ ఉంటుంది, ఎన్‌పీటెల్ సామగ్రిపై బై-ఎస్ఏ ఉంటుంది. రెండూ తమ లైసెన్సే కొనసాగాలని అడుగుతాయి, ఒకటి వ్యాపారం వద్దంటుంది, మరొకటి ఆ అడ్డు పెట్టనివ్వదు. కాబట్టి రెండింటినీ కలిపి ఒకే పాఠంగా అల్లితే దానికి న్యాయంగా పెట్టగల లైసెన్సంటూ ఉండదు. అల్లకుండా రెండు వేర్వేరు భాగాలుగా, దేని లైసెన్సు దానికి రాసి ఒకే కట్టలో ఇవ్వడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఒకే సంస్థ పుస్తకాలన్నిటికీ ఒకే లైసెన్సు ఉంటుందనీ అనుకోకూడదు: ఓపెన్‌స్టాక్స్‌లో ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్ మొదటి ముద్రణ సీసీ బై అయితే, కాల్‌క్యులస్ బై-ఎన్‌సీ-ఎస్ఏ.

జిరాక్సుల సంగతి వేరు. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి ఫోటోకాపీ దుకాణం కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు, బోధనలో భాగంగా పుస్తకాల్లోని పుటలను నకలు తీసి ఇవ్వడం 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు కిందకు రాగలదని చెప్పింది. ఆ మినహాయింపు తరగతి గదికి ఆసరా. అలా తీసిన పుటలను తెలుగు చేసి మన పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టుకునే హక్కు దానివల్ల రాదు.

వనరు ఖాయమయ్యాక, రాయడం మొదలుపెట్టకముందే ఒక నోటుబుక్కులో పేరు, రచయితలు, దొరికిన చోటు, లైసెన్సు, దించుకున్న తేదీ రాసుకోండి. పాఠం మొదటి పుటలో అది ఇలా ఉంటే చాలు: "ఈ పాఠం ఇల్లోవ్‌స్కీ, డీన్ రాసిన ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్, ఓపెన్‌స్టాక్స్, 2013, రెండో అధ్యాయం ఆధారంగా తయారైనది, మూలం లైసెన్సు సీసీ బై 4.0, ఉదాహరణలు మార్చి తెలుగు చేశాము." దాని కిందే మూలం లింకు, లైసెన్సు లింకు ఇవ్వాలి. ముద్రణ మారినప్పుడు లైసెన్సు కూడా మారవచ్చు కనుక ఏ ముద్రణో తప్పక రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది, పట్టవలసినది, ఉదాహరణలు మార్చడం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల బరువులు పౌండ్లలో ఇచ్చిన లెక్కను అనువదించినంత మాత్రాన అది మన లెక్క కాదు. నేను దాన్ని తీసేసి, ముందు బెంచీలో కూర్చున్న ఏడుగురిని ఇంటి నుంచి కాలేజీకి ఎన్ని కిలోమీటర్లని అడిగాను: 2, 3, 3, 4, 5, 6, 38. మొత్తం 61, సగటు అంటే అంకమధ్యమం సుమారు 8.7, వరుసలో నడుమ ఉన్న మధ్యగతం 4, ఎక్కువసార్లు వచ్చిన బాహుళకం 3. "సార్, మాలో ఎవరిల్లూ తొమ్మిది కిలోమీటర్ల దూరంలో లేదు కదా?" అని అడిగిన అమ్మాయే, పల్లెవెలుగు బస్సులో వచ్చే ఆ ఒక్కరి 38 అంకమధ్యమాన్ని లాగేసిందని కాసేపట్లో తానే చెప్పింది. సరిగ్గా ఈ మార్పు చేసుకునే వీలు కోసమే ఓపెన్ లైసెన్సు కావాలి; ఉదాహరణలు మార్చే ఓపిక లేకపోతే దానితో మనకు పనే లేదు.

అనువాదానికి యంత్రాన్ని వాడుకోవచ్చు, నమ్మకూడదు. గణాంకాల మీన్‌ను అది అర్థం అని, మోడ్‌ను విధానం అని రాసిపెడితే వాక్యం చదవడానికి నున్నగానే ఉంటుంది, పాఠం మాత్రం చచ్చిపోతుంది. మొదలుపెట్టే ముందే ఓ పాతిక ముప్ఫై పారిభాషిక పదాల పట్టిక వేసుకోండి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల్లోని మాటలే విద్యార్థి ఇంటర్‌లో విని ఉంటాడు కనుక వాటినే తీసుకోవాలి. మొదటిసారి వచ్చినచోట అంకమధ్యమం అనే మీన్, మధ్యగతం అనే మీడియన్ అని జంటగా రాయాలి, ఎందుకంటే పీజీకి వెళ్లాక ఆ విద్యార్థికి రెండో మాటే ఎదురవుతుంది. కొత్త పదాలు పుట్టించాలన్న ఉబలాటం ఇక్కడ అణచుకోవలసిందే.

పాఠాన్ని యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక పేరా తీసి అతికిస్తే వచ్చే పిచ్చిగీతలు చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు. పీడీఎఫ్‌తో పాటు మార్చుకోదగ్గ మూలఫైలు కూడా ఇవ్వకపోతే, లైసెన్సు ఏదైనా మరో అధ్యాపకుడు దాన్ని ముట్టుకోలేడు. చాలామంది చదివేది ఫోనులోనే కనుక వెడల్పాటి పట్టికలు వద్దు. హాస్టల్లో సిగ్నల్ లేనివారి కోసం పది ప్రింటు ప్రతులు లైబ్రరీలో ఉంచాలి.

ఇంత చేసినా ఈ వనరులతో తీరని అవసరాలు ఉన్నాయి. ప్రయోగశాల పనిని వీడియో తీర్చదు. జవాబులతో సహా ఇంటర్నెట్‌లో ఉన్న లెక్కలను ఇంటర్నల్ పరీక్షకు ఇవ్వలేము, ఆ ప్రశ్నలు మనమే కట్టుకోవాలి. పాఠం చూసినంత మాత్రాన క్రెడిట్ రాదు. 2021 యూజీసీ నిబంధనలు ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను కేంద్రప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా చేయనిస్తాయి గానీ, దానికి నమోదు, పరీక్ష, విశ్వవిద్యాలయం ఆమోదం అన్నీ ఉండాలి. అధ్యాపకుడి శ్రమ సంగతి మరీ ఇబ్బందికరం. 2018 యూజీసీ నిబంధనల పట్టికలో అనువాదానికి, ఈ-కంటెంట్ తయారీకి స్కోరు ఉంది. ఉన్న పాఠాన్ని ప్రతి సెమిస్టరూ కూర్చుని సరిదిద్దే పనికి విడిగా గడి లేదు. పుస్తకం ఖర్చు విద్యార్థికి తప్పుతుంది, ఆ ఖర్చు గంటల రూపంలో అధ్యాపకుడి మీద పడుతుంది. అందుకే మొదలుపెట్టే ముందే ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడి, ఆ సెమిస్టర్‌కు వారానికి రెండు పీరియడ్లయినా తగ్గించమని రాతపూర్వకంగా అడగడం మంచిది. నాకు మొదటిసారి నోటిమాటగా ఒప్పుకున్న పీరియడ్లు కొత్త టైంటేబుల్లో కనబడలేదు.

యూనిట్‌ను తరగతిలో వాడాక, విద్యార్థులు ఎక్కడ ఆగిపోయారో ఆ పుట మార్జిన్‌లోనే పెన్సిల్‌తో రాసుకుని, సెలవుల్లో వాటిని సరిచేయండి. సరిచేసిన ఫైలు పేరులోనూ మొదటి పుటలోనూ కొత్త తేదీ వేసి, తరగతి వాట్సాప్ గ్రూపులో పాతదాన్ని తొలగించండి; గడువు దాటిపోయి తొలగించలేకపోతే, కనీసం అది పాతదని చెప్పి కొత్తదాన్ని పిన్ చేయండి. లేకపోతే వచ్చే ఏడాది జూనియర్ల చేతికి వెళ్లేది తప్పులున్న ఆ మొదటి ప్రతే.