రంజాన్ పని సగం షాబాన్‌లోనే

నెలవంక కనబడ్డాక సామాను కోసం బజారుకి ఉరికే ఇంట్ల, నెలంతా అమ్మ పొయ్యి కాడనే ఉంటది. ఒక్కపొద్దు అందరికీ, వంట మాత్రం ఆమె ఒక్కదానికే. ఖురాన్ తీసే టైముకి కళ్ళు మూసుకుపోతయి. అందుకే నేను చెప్పేది ఒక్కటే ముచ్చట: పనిలో సగం రంజాన్‌కి ముందొచ్చే షాబాన్ నెలలోనే ఒడగొట్టుకోవాలె, మిగిలింది ఇంట్ల అందరికీ పంచాలె.

మాది నల్గొండ. ఇంట్ల ఐదుగురం. మా ఆయనకి బైకుల రిపేరు షాపు. అత్తమ్మకి షుగర్ ఉంది. బిడ్డ పదో తరగతి, చిన్నోడికి ఎనిమిదేండ్లు. నేను ఇంట్లనే మిషన్ కుడత. రంజానొస్తే సల్వార్లు, పిల్లల కుర్తాలు ఒకటే గిరాకీ, ఏడాది ఫీజులు ఆ నెలలోనే ఎల్తయి. అంటే పని ఎక్కువున్న నెల, తిండి తినని నెల, పిల్లల పరీక్షల నెల అన్నీ ఒక్కటే అయినయి మాకు.

షబే బరాత్ (షాబాన్ పదిహేనో రాత్రి) అయిపోయిందంటే రంజాన్‌కి ఇంకా పక్షం రోజులున్నట్టు. ఆ పక్షంలో చేసేటియి చెప్త. అల్లం వెల్లిగడ్డ ఉప్పు, నూనె వేసి నీళ్ళు తగలకుండా రుబ్బి రెండు సీసాలు చెయ్యాలె. ఒకటి ఫ్రిజ్‌ల, ఇంకోటి ఫ్రీజర్ల. ఉల్లిగడ్డలు సన్నగ తరిగి ఎర్రగ వేయించి, పూర్తిగ చల్లారినంక గాలి తగలని డబ్బాలో పొయ్యాలె, వేడి మీద మూత పెడితే మెత్తబడతయి. నువ్వులు, పల్లీలు విడివిడిగ వేయించి కలిపి పొడి కొట్టాలె. చింతపండు గుజ్జు తీసి ఒక ఉడుకు రానిచ్చి సీసాకెత్తాలె. ఖీమా అల్లం వెల్లిగడ్డ, పసుపు, ఉప్పు వేసి నీళ్ళు ఇగిరేదాక ఉడికించి, ఒక సహరీకి (తెల్లారకముందు తినే తిండికి) ఒక పొట్లం లెక్కన కట్టి ఫ్రీజర్ల పెట్టాలె. శనగలు కూడ ఉడకబెట్టి అట్లనే. పెద్ద డబ్బాలో గడ్డకట్టిస్తే తెల్లారుజామున సుత్తె పట్టుకోని కూసోవాలె, చిన్న పొట్లాలే నయం.

రెండో సిలిండర్ నింపి పెట్టుకోండ్రి. పర్దాలు ఉతుకుడు, బూజు దులుపుడు కూడ షాబాన్‌లోనే. రంజాన్ ఇరవై ఏడో రాత్రి అందరూ ఇబాదత్‌ల (ప్రార్థనల) ఉంటే ఫ్యాన్ రెక్కలు తుడిచేటోళ్ళను చూసిన, నాకైతే పాపమనిపిస్తది. మా పిల్లల పండుగ బట్టలు గిరాకీ మొదలుకాకముందే కుట్టి బీరువాలో పెడత. బయటి ఆర్డర్లు ఇరవయ్యో రోజా (ఒక్కపొద్దు) తోటి బంద్. ఎవరు బతిమిలాడినా ఆఖరి పది రోజులు మిషన్ ముట్ట.

టైం కార్డు మీ ఊరిదే కావాలె

ఇది చిన్న సంగతే గానీ చానామంది పట్టించుకోరు. టీవీల, ఫోన్ల ఎక్కువగ వచ్చే సహరీ, ఇఫ్తార్ టైము హైదరాబాద్‌ది. నల్గొండ హైదరాబాద్‌కి తూర్పున ఉంది, మనకి పొద్దు మూడు నిమిషాల ముందే పొడుస్తది, ముందే గుంకుతది. హైదరాబాద్ టైము చూసుకోని సహరీ తింటే మన దగ్గర వక్తు (టైము) అయిపోయినంక కూడ తింటున్నట్టు. మహబూబ్‌నగర్‌ది దీనికి తలకిందులు. వాళ్ళు పడమటికి ఉన్నరు, పొద్దు హైదరాబాద్ కన్నా సుమారు రెండు నిమిషాలు ఆలస్యంగ గుంకుతది, టీవీల అజాన్ విని ఖజూర్ నోట్లె పెట్టుకుంటే తొందరపడ్డట్టే. మీ మొహల్లా మసీదుల ఇచ్చే కార్డు తెచ్చి ఫ్రిజ్ మీద అంటించండ్రి. దాని వెనక భాగం ఖాళీగ ఉంచండ్రి, దేనికో తర్వాత చెప్త.

సహరీ

మాది ఖిచిడీ, ఖట్టా, ఖీమా. రాత్రి ఇషా నమాజ్ అయినంక రెండు గ్లాసుల బియ్యం, గ్లాసు ఎర్రపప్పు కడిగి స్టీలు డబ్బాలో నానబోసి ఫ్రిజ్‌ల పెడత. ఎండలు ముదిరితే బయట పెట్టొద్దు, పులుపెక్కుతది. ఖీమా పొట్లం ఫ్రీజర్ల నుంచి కింది అరలోకి దించుత. తెల్లారి నాలుగుంబావుకి లేస్త. నానిన బియ్యం పప్పు నీళ్ళు వంచి కుక్కర్లెయ్యాలె, ఐదు గ్లాసుల నీళ్ళు, పసుపు, ఉప్పు, అల్లం వెల్లిగడ్డ ఒక చెంచా, సాజీర, ఒక గుప్పెడు వేయించిన ఉల్లిగడ్డ. రెండు విజిల్స్ చాలు.

కుక్కర్ కూసేలోపు ఖట్టా అయితది. దానికి పొయ్యి తాలింపు కోసమే కావాలె. చింతపండు గుజ్జుల నీళ్ళు కలిపి, నువ్వుల పల్లీల పొడి మూడు చెంచాలు, పచ్చి ఉల్లిగడ్డ తరుగు, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి చేత్తోటి పిసకాలె. పైన జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు. మన పచ్చిపులుసు ఎరిగినోళ్ళకి ఇది వేరేగ నేర్పే పనే లేదు. ఉప్పు మాత్రం మామూలు రోజుల కన్నా తక్కువ వెయ్యాలె, లేకుంటే పదకొండింటికే దూప మొదలైతది. రెండో పొయ్యి మీద ఖీమా, కొంచెం నూనె, ధనియాల పొడి, కారం, చివరికి పుదీనా.

రోజూ ఇదే తినరు కదా. వారంలో రెండు రోజులు రాత్రే చేసిన జొన్నరొట్టె పెరుగుల నానేసి, పక్కకు ఒక ఉడకబెట్టిన గుడ్డు పెడత. జొన్నరొట్టె తిన్నరోజు మా ఆయన షాపుల సాయంత్రం అసర్ నమాజ్ దాకా ఆకలన్న మాటే అనడు. పరాఠాలు, బ్రెడ్డు తిన్నరోజు పన్నెండింటికే ముఖం పీక్కపోతది. సహరీకి చాయ్ మా ఇంట్ల బంద్. అత్తమ్మ మొదట్ల అలిగింది, ఇప్పుడు ఇఫ్తార్ అయినంక రెండు కప్పులు తాగి సరిపెట్టుకుంటది.

పనుల పంపకం ఇట్లుంటది: దస్తర్‌ఖాన్ (తినేటప్పుడు కింద వేసే బట్ట) పరిచేది, నీళ్ళు పెట్టేది చిన్నోడు, వాడు సహరీకి లేవాలని తనే పట్టుబడ్డడు కాబట్టి. తిన్న గిన్నెలు తెల్లారి ఫజర్ నమాజ్‌కి పోయే ముందు మా ఆయన కడుగుతడు. పెండ్లైన కొత్తల ఎవరన్నా చూస్తరేమోనని వంటింటి తలుపు దగ్గరేసుకునేటోడు. ఇప్పుడు మా మరిది ఇంట్ల కూడ అదే పద్ధతి నడుస్తుంది.

ఇఫ్తార్

ఇఫ్తార్ ఒక తిండి, రాత్రి అన్నం ఇంకో తిండి అనుకునుడే ఆడోళ్ళను చంపుతది. మా ఇంట్ల రెండూ ఒక్కటే. అజాన్ కాంగనే ఖజూర్, నీళ్ళు, ఒక గిన్నెడు పండ్లు, శనగ గుగ్గిళ్ళు. మగ్రిబ్ నమాజ్ చదువుకోని వచ్చి నేరుగ అన్నం. మూడో వంట లేదు. పండ్లంటే మన దగ్గర బత్తాయి ఉండనే ఉంది, నల్గొండ బత్తాయి ఎక్కడెక్కడికో లారీల పోతది, మనం రంగు షర్బత్ సీసాలకి పైసలు పెడతం. బత్తాయి పిండి నీళ్ళు కలిపి, చిటికెడు ఉప్పు, సబ్జా గింజలు. రసం పిండి పెట్టుకుంటే చేదెక్కుతది, అజాన్‌కి పది నిమిషాల ముందే పిండాలె.

నూనెల దేవేది రోజుకి ఒక్కటే. మిర్చి బజ్జీనా, దహీ బడేనా, సమోసానా, ఆ రోజు వంతున్నోళ్ళు చెప్తరు, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలె. హలీం ఇంట్ల చేసుడు నా లెక్కల దండుగ. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడకబెట్టి, చేతులు పడిపోయేటట్టు ఘోటా కొట్టాలె. ఒక్కపొద్దుతోటి అదెవరు చేస్తరు? నెలల రెండుసార్లు బట్టీ కాడ కొనుక్కొచ్చుకుంటం, అంతే.

నీళ్ళు మాత్రం మర్చిపోవద్దు. ఒక్కొక్కరికి పేరు రాసిన సీసా, ఇఫ్తార్ నుంచి పండుకునేదాక ఖాళీ కావాలె. మా అమ్మగారిది మర్రిగూడ దిక్కు ఊరు, అక్కడికి పోయినప్పుడు బోరు నీళ్ళు ముట్టనియ్య. ఆ దిక్కు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ ఎరుకే. మరిగిస్తే పోతదనుకుంటరు కొందరు, పోదు, నీళ్ళు ఇగిరి ఇంకింత చిక్కనైతది. నల్లాల వచ్చే కృష్ణా నీళ్ళే తాగాలె.

షుగరున్న పెద్దోళ్ళు

రంజాన్‌కి నెలన్నర ముందే డాక్టరును కలవాలె. గోలీలు, ఇన్సులిన్ ఏ పూటకి ఎంత మార్చాల్నో ఆయనే చెప్పాలె, పక్కింటి ఆపా చెప్పింది పనికిరాదు. ఇంట్ల మీటరు ఉండాలె. వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోదు, ఈ భయంతోనే చానామంది ముసలోళ్ళు చూసుకోరు. 70 కన్నా తక్కువొచ్చినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విప్పాలె. మా అత్తమ్మ మొండిది. "సచ్చినా ఇడువ" అంటది. నేను చెప్తే వినదు కాబట్టి మీటరు చిన్నోడికి అప్పజెప్పిన. వాడు రోజుకి మూడుసార్లు వేలు పట్టుకోని "దాదీ, డెబ్బై రెండు, ఇంకా చూడాలె" అని పక్కనే కూసుంటడు, అరగంటకి మళ్ళ గుచ్చుతడు. మనుమడు ఖజూర్ నోటి కాడికి తెస్తే ఆమె కాదనలేదు. జబ్బు మనిషికి మినహాయింపు ఖురాన్లనే, సూరా బఖరాలో ఉంది. బాగైతే తర్వాత కజా (పోయినదానికి బదులు రోజా) ఉంటరు, ఎన్నటికీ ఉండలేనోళ్ళు ఒక్కో రోజాకి ఒక్కో పేదమనిషికి అన్నం పెట్టే ఫిద్యా ఇస్తరు.

పరీక్షలు, మొదటి రోజా

పదో తరగతి పరీక్ష పొద్దున తొమ్మిదిన్నరకి. రోజా ఉండే పిల్లకి బుర్ర చురుగ్గ ఉండేది ఫజర్ నుంచి ఏడున్నర దాక, చదివిస్తే అప్పుడే చదివియ్యాలె. పరీక్ష నుంచి వచ్చి మధ్యాహ్నం జుహర్ నమాజ్ చదివినంక రెండు గంటలు నిద్ర, ఫోన్ నా దగ్గర. ఆ నెల వంటింట్ల దానికి ఏ పనీ లేదు. ఆడపిల్ల కదా రొట్టెలన్న చెయ్యనియ్యమని మా ఆడబిడ్డ అన్నది. పరీక్ష రాసేది నువ్వా అని అడిగిన, ఊకున్నది.

చిన్నోడికి రోజా ఫర్జ్ (తప్పనిసరి) కాదు, ఈడొచ్చినంకనే. అయినా ఉంటనంటే చిడియా రోజా పెట్టిచ్చిన, సహరీ తిని మధ్యాహ్నం దాక. శుక్రవారం ఒకటి, ఆదివారం ఒకటి. పూర్తి రోజా మొదటిసారి ఉన్ననాడు పూలదండేసి, ఇంటోళ్ళం కూసోని విప్పినం. రోజా రఖాయీ అని ఫంక్షన్ హాల్ మాట్లాడి, ఎండల షేర్వానీ తొడిగి ఆ పిల్లగాణ్ణి స్టేజీ మీద కూసోబెట్టేటోళ్ళున్నరు. వాడు దూపతోటి కళ్ళు తేలేస్తుంటే ఫొటోలు!

పైసలు, పక్కిండ్లు

ఆడోళ్ళ బంగారం మీద జకాత్ (ఏటా పేదలకి ఇయ్యాల్సిన వంతు) ఆడోళ్ళదే. ఉన్న సొమ్మంతా షాబాన్‌లోనే తూకం వేయించి కాగితం మీద రాసుకోండ్రి. ఉత్త బంగారమే ఉంటే 87.48 గ్రాములు దాటాలె, అంటే ఏడున్నర తులాల పాత లెక్క. వెండి, నగదు కూడ ఉంటే లెక్క మారుతది, అది మీ ఆలిమ్‌ని (మతం చదువుకున్న పెద్దని) అడగాలె. చాంద్రమానం ప్రకారం ఏడాది నిండినదాని మీద నూటికి రెండున్నర. ఇచ్చేదేదో మొదటి వారంలోనే ఇస్తే తీసుకున్నోళ్ళు పిల్లలకి బట్టలు కుట్టించుకుంటరు. చాంద్ రాత్ (పండుగ ముందు రాత్రి) నాడు ఇస్తే నాలాంటి దర్జీ ఎవరూ దొరకరు. ఫిత్రా (పండుగ దానం) తలకింత, పసిపిల్లల పేరు మీద కూడ, ఈద్ నమాజ్‌కి ముందే.

పక్కింటి పెద్దమ్మకి పండ్ల గిన్నె పంపకుండ మా ఇంట్ల ఇఫ్తార్ మొదలుకాదు. "ఒక్కపొద్దుండి మాకెందుకు బిడ్డా" అంటనే తీసుకుంటది. 2026లో ఉగాది మార్చి 19న, రంజాన్ ఆఖర్ల పడ్డది. పొద్దున చేసిన భక్షాలు మూతపెట్టి దాచి, అజాన్ వినబడంగనే నెయ్యి గిన్నెతో సహా గోడ మీదికెల్లి అందిచ్చింది. ఆ రోజు బజ్జీల వంతు చిన్నోడిది, వాడే వద్దన్నడు.

ఇగ కార్డు వెనక భాగం. నెలసరి రోజుల్ల రోజా ఉండదు, తర్వాత కజా ఉండాలె. ఆ రోజుల్ల మగపిల్లలు చూస్తరని వంటింటి మూలకు నిలబడి రెండు బిస్కెట్లు తినే ఆడోళ్ళే ఎక్కువ. అట్ల చెయ్యకండ్రి, అన్నం కూర పెట్టుకోని కూసోని తినండ్రి. పోయిన ప్రతి రోజా తేదీ కార్డు వెనక రాయండ్రి, బిడ్డది కూడ రాయించండ్రి. ఆ కార్డు పండుగైనంక పారెయ్యకుండ బీరువ తలుపు లోపల అంటించి పెట్టాలె. మన నల్గొండ ఎండలకి ఏప్రిల్, మే నెలల్ల కజా పెట్టుకోవద్దు. పొద్దు పొట్టిగుండే డిసెంబర్ మంచిది, సోమవారం, గురువారం చొప్పున మూడు నాలుగు వారాల్ల తీరిపోతది. తీరిన తేదీ మీద గీత కొట్టుకుంట పోవుడే.