రంభ నుంచి బీకన్ దీవికి: గాలి లేవకముందే వెళ్లి రండి

ఒడిశాలోని చిలికా సరస్సులో, రంభ రేవు నుంచి పడవలో వెళ్లే చిన్న రాతి దీవి బీకన్. ఈ సరస్సులో చాలాచోట్ల నీళ్లు 2 మీటర్ల లోతు కూడా ఉండవు. ప్రమాదమంతా అందులోనే ఉంది. గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వచ్చి కొడతాయి. పడవ ముక్కు ఒక అలెక్కి దిగేలోపే రెండోది మీద పడుతుంది. వేసవిలో పొద్దెక్కేకొద్దీ దక్షిణపు గాలి బలుస్తుంది కాబట్టి ఆరింటికల్లా రేవులో ఉండి, పదింటికి ఒడ్డెక్కేయాలి. ఏప్రిల్, మే నెలల్లో వాయవ్యంలో మబ్బు నల్లబడితే ఆ పూటకి మానేయండి.

బరంపురం నుంచి రైల్లో అయితే ఛత్రపురం, గంజాం, హుమ్మా దాటాక రంభ. ముందురోజే వచ్చి అక్కడ పడుకుంటే తెల్లవారుజామున పరుగులుండవు.

పడవెక్కేముందు లైఫ్ జాకెట్ బకిల్ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. నీళ్లలో అది పైకి జారిపోయి మనిషి కిందుంటాడు. ఇంజను పడవలో తెడ్డు గానీ వెదురు గడ గానీ ఉందా అని కూడా చూడాలి. నాచో, తెగిన వల దారమో నీళ్లలో తిరిగే ఇంజను పంకాకి చుట్టుకోవడం ఇక్కడ మామూలే. ఇంజను ఆపగానే పడవ అలలకి అడ్డం తిరుగుతుంది. అప్పుడు చూద్దామని అందరూ ఒకే పక్కకి లేచారా, బోల్తాయే! కూర్చున్నచోటే కూర్చుని, గడతో ముక్కుని గాలికి ఎదురు తిప్పనివ్వండి.

ఘంటశిల కొండకి దగ్గర్లో, రాతిబండ మీద శంఖువులా కనిపించేదే బీకన్ దీవి స్తంభం. లోపల ఒక గది ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నోడ్‌గ్రాస్ పైన దీపం పెట్టాలని కట్టించాడు. ఎత్తు వల్ల లాభమెంతో లెక్క కడితే తెలుస్తుంది: మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే దీపం ఎంత దూరం కనిపిస్తుందో కిలోమీటర్లలో వస్తుంది. నీటికి 9 మీటర్ల పైనున్న దీపం నీటిమట్టం దగ్గర 10.7 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. కన్ను మీటరు ఎత్తులో ఉంటే ఇంకో మూడున్నర కలుస్తుంది.

బండ దగ్గర పాకుడు జారుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరే దిగండి. పాత గోడకి ఆనుకోవద్దు, ఎక్కొద్దు.

బేరం తలకింత అని కాకుండా పడవకింత అని మాట్లాడుకోండి. దీవి దగ్గర ఎంతసేపు ఆపుతాడో రేవులోనే తేల్చుకోండి. నీళ్ల మధ్య బేరం ఎవరి చేతిలో ఉంటుందో తెలిసిందే.