అరుదైన ఇంగ్లిష్ ఇంటిపేరు జాడ తీయడం – మూడో పాఠం: అటెన్‌బరోను పటం ఎక్కించడం

రెండో పాఠం పూర్తయ్యేసరికి మీ దగ్గర ఒక పట్టిక తయారై ఉండాలి. 1881 ఏప్రిల్ 3న జరిగిన ఇంగ్లండ్ జనగణన సూచిక నుంచి మీరు ఎంచుకున్న ఇంటిపేరు వాళ్లందరి వివరాలూ అందులో ఉండాలి: పేరు, వయసు, వృత్తి, ఆ రాత్రి ఉన్న ఊరు, పుట్టిన ఊరు. ఈ పాఠంలో ఆ పట్టికను పటంగా మారుస్తాం. ఉదాహరణకు తీసుకున్న పేరు అటెన్‌బరో. ‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్, అడవుల మీద, జంతువుల మీద డాక్యుమెంటరీలు తీసిన డేవిడ్ అనే అన్నదమ్ముల వల్ల మన ఇళ్లలో కూడా వినబడిన పేరు ఇది. పేరు ప్రసిద్ధమే గానీ ఆ ఇంటిపేరున్న వాళ్లు కొద్దిమందే. చేత్తో లెక్కపెట్టుకోగలిగినంత ఉంటుంది కనుక నేర్చుకునేవారికి అనువైనది.

ముందు పటం ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో తేల్చుకోండి. ప్రశ్న లేకుండా చుక్కలు పెడితే అందమైన బొమ్మ మిగులుతుంది, అంతకు మించి ఏమీ ఉండదు.

అటెన్‌బరోకు రెండు వివరణలు చెప్పవచ్చు. మొదటిది ఊరి పేరు. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే పల్లె ఉంది. పాతకాలపు ఒక మనిషి పేరుకు ‘కోట కట్టిన చోటు’ అనే అర్థమిచ్చే మాట చేరి ఆ ఊరి పేరు పుట్టింది. రెండోది ఊరితో పని లేని వివరణ. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ‘అట్టెన్’ అంటే ‘ఫలానా దాని దగ్గర’ అని అర్థం. కోట దగ్గరో, గుట్ట దగ్గరో కాపురమున్న వాడిని అలా పిలిచి ఉండవచ్చు. ఈ పద్ధతిలో పుట్టిన పేర్లు ఇంగ్లండ్‌లో చాలా ఉన్నాయి. నాష్ అంటే ఆష్ చెట్టు దగ్గరివాడు, నోక్స్ అంటే ఓక్ చెట్టు దగ్గరివాడు. మన స్వాతంత్ర్యం నాటి బ్రిటిష్ ప్రధాని అట్లీ ఇంటిపేరు కూడా ఈ కోవలోదే.

రెండు వివరణలూ భాషాపరంగా కుదురుతాయి కాబట్టి నిఘంటువు ఒక్కటే తీర్పు చెప్పలేదు. చెప్పవలసింది పటమే. ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరైతే పాత కుటుంబాలు ఆ ఒక్క ఊరి చుట్టూ గుమిగూడి ఉండాలి. ‘దగ్గరివాడు’ రకం పేరైతే కోటా గుట్టా ఎక్కడైనా ఉంటాయి కాబట్టి ఒకదానితో ఒకటి సంబంధం లేని కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) విడివిడి గుంపులు కనబడాలి. నాష్‌లు ఎన్నో కౌంటీల్లో అలాగే కనిపిస్తారు. ఈ రెండు అంచనాలనూ పటం గీయక ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. గీశాక రాస్తే మనసు చుక్కలకు తగినట్టు కథ అల్లేస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఊరి పేరున్న కుటుంబం ఆ ఊళ్లోనే ఉంటుందని ఆశించకండి. కందుకూరులో అందరూ కందుకూరు వాళ్లే గనక అక్కడ ఎవరినీ కందుకూరివారని పిలవవలసిన అవసరం లేదు. ఊరు వదిలి వెళ్లాకే ఆ పేరు పనికొస్తుంది. ఇంగ్లండ్‌లోనూ అంతే. అటెన్‌బరో చర్చిలో 1611లో బాప్తిస్మం పొందిన వారిలో చరిత్రకెక్కిన మనిషి హెన్రీ ఐర్టన్, పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌ను ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు. అతని ఇంటిపేరు పొరుగున ఉన్న డెర్బీషైర్ నుంచి వచ్చింది. మరోవైపు రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ 1887లో స్టేపుల్‌ఫోర్డ్‌లో పుట్టాడు. అటెన్‌బరో పల్లెకు అది నాలుగైదు కిలోమీటర్ల దూరం. కాబట్టి ఊరి మీద వెతకడం మాని, ఊరి చుట్టూ ఒక వలయం గీసి వెతకాలి. పదిహేను కిలోమీటర్ల వ్యాసార్థంతో మొదలుపెట్టండి. మనిషి పొద్దున బయలుదేరి సంతకు నడిచి వెళ్లి, సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన దూరం దాదాపు అంతే. ఆ కాలపు పెళ్లి సంబంధాలు, పాలేరు పనులు ఎక్కువగా ఆ పరిధిలోనే కుదిరేవి.

ఇక పని మొదలుపెడదాం. ముందు రూపాంతరాలు ఏరాలి. పాత గుమాస్తా చెవికి వినబడినట్టు రాశాడు. అటెన్‌బరో, అటెన్‌బారో, అటెన్‌బ్రో, ముందు హకారం చేరిన హటెన్‌బరో, ఇవన్నీ ఒకే కుటుంబానికి రాసినవి కావచ్చు. చాలామంది సౌండెక్స్ వెతుకులాటను, అంటే వినడానికి దగ్గరగా ఉన్న పేర్లకు ఒకే సంకేతం ఇచ్చే పద్ధతిని, నమ్ముకుంటారు. ఈ పేరుకు సౌండెక్స్ సంకేతం ఏ351. అదే సంకేతం ఆడెన్‌బ్రూక్‌కు కూడా వస్తుంది. ఆడెన్‌బ్రూక్ ‘వాగు దగ్గర’ అనే అర్థమున్న వేరే ఇంటిపేరు. కేంబ్రిడ్జ్‌లోని పేరున్న ఆసుపత్రి ఎవరి పేరున వెలిసిందో ఆ జాన్ ఆడెన్‌బ్రూక్ స్టాఫర్డ్‌షైర్ వాడు. అంటే సౌండెక్స్‌ను నమ్మితే మీ పటంలో స్టాఫర్డ్‌షైర్ వైపు లేని గుంపు ఒకటి పుట్టుకొస్తుంది. పైగా సౌండెక్స్ మొదటి అక్షరాన్ని మార్చదు కాబట్టి హకారంతో రాసినవి జారిపోతాయి. దీనికన్నా నక్షత్రపు గుర్తు (*) మేలు, వెతుకులాటలో దాని చోట ఏ అక్షరాలున్నా సరిపోతాయి. ఆంగ్ల అక్షరాల్లో ఎన్, బీ పక్కపక్కనే ఉంచి, వాటికి ముందూ వెనకా తెలియని అచ్చుల చోట నక్షత్రం పెట్టండి. ఆ తరువాత టీ చోట ఎల్ పెట్టి ఇంకోసారి వెతకండి. అడ్డగీత పడని టీని నకలు రాసేవాళ్లు ఎల్‌గా చదవడం తరచూ జరిగే పొరపాటు. దొరికిన ప్రతి రూపాంతరాన్నీ పట్టికలో ఉన్నదున్నట్టు ఒక గడిలో, మీరు నిర్ణయించిన ఏకరూపాన్ని పక్క గడిలో రాయండి. అసలు రూపాన్ని ఎప్పుడూ చెరపకండి.

రెండో పని, నివాసం బదులు పుట్టిన ఊరును పటం మీద పెట్టడం. 1881 నాటికి రైళ్లు, మిల్లులు జనాన్ని చెదరగొట్టేశాయి. నివాసాల పటం పరిశ్రమల చరిత్ర చెబుతుంది, ఇంటిపేరు చరిత్ర కాదు. 1851 మొదలు ప్రతి జనగణనలోనూ పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) పేరు రాశారు. 1841లో మాత్రం అదే కౌంటీలో పుట్టారా లేదా, లేకపోతే స్కాట్లండ్, ఐర్లండ్, విదేశాల్లో పుట్టారా అన్నంతవరకే ఉంటుంది. పైగా పదిహేనేళ్లు దాటిన వారి వయసును ఐదు గుణిజానికి కిందికి దించి రాశారు, అంటే 34 ఏళ్ల మనిషి 30గా కనబడతాడు. అందుచేత 1851 జాబితా తీసుకుని అరవై ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లను విడదీయండి. వాళ్లంతా 1791లోనో అంతకు ముందో పుట్టినవాళ్లు. వాళ్ల పుట్టిన ఊళ్లను మాత్రమే పటం మీద పెడితే, రైలు అన్నదే లేని పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ మీ చేతికొస్తుంది. ఈ పాఠంలో ఒక్క పనికే సమయం ఉందంటే ఇదే చేయండి.

మూడోది, తలల లెక్కను జనాభాతో భాగించడం. 1881లో నాటింగ్‌హామ్‌షైర్ జనాభా సుమారు 3,92,000. లాంకషైర్ జనాభా సుమారు 34,54,000. అభ్యాసం కోసం ఊహాలెక్క ఒకటి చూద్దాం. ఏదో ఇంటిపేరు వాళ్లు నాటింగ్‌హామ్‌షైర్‌లో 20 మంది, లాంకషైర్‌లో 40 మంది ఉన్నారనుకోండి. పైకి చూస్తే లాంకషైర్ రెట్టింపు. లక్షకు ఎంతమందో లెక్క కడితే నాటింగ్‌హామ్‌షైర్‌లో 5.1, లాంకషైర్‌లో 1.2 వస్తుంది. అసలు బలం నాలుగు రెట్లు నాటింగ్‌హామ్‌షైర్‌లోనే ఉంది. ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో అలాంటివాళ్లు 200 మంది ఉంటే, 2.6 కోట్ల జనాభాకు సగటు లక్షకు 0.77. 5.1ని దానితో భాగిస్తే 6.6, అంటే దేశ సగటుకు ఆరున్నర రెట్లు. పటానికి రంగులు వేయడానికి వాడవలసిన అంకె ఇదే. 1890లో హెన్రీ గప్పీ అనే ఆయన కౌంటీ డైరెక్టరీల్లో రైతుల పేర్లు లెక్కపెట్టి పదివేలకు ఇంతమంది అని తేల్చిన పద్ధతికి ఇది కొనసాగింపే.

చిన్న అంకెలతో ఒక ప్రమాదం ఉంది. ఎనిమిదిమంది పిల్లలున్న ఒక్క కుటుంబం కొత్త ఊరికి మారితే చాలు, ఆ జిల్లా పటంలో మూలస్థానంలా మెరిసిపోతుంది. కాబట్టి మనుషులను లెక్కపెట్టాక, ఇళ్లను కూడా విడిగా లెక్కపెట్టండి. రెండు పటాలూ ఒకే చోటును చూపితేనే నమ్మండి.

నాలుగోది సరిహద్దులు. కౌంటీ స్థాయి పటంతో సరిపెట్టుకోవద్దని మా గట్టి సలహా. అటెన్‌బరో పల్లె నాటింగ్‌హామ్‌షైర్ అంచున ఉంది. కాస్త పడమటికి వెళితే ఎరివాష్ నది, దాని అవతలి ఒడ్డు డెర్బీషైర్. కౌంటీ పటంలో ఒకే గుంపు రెండు ముక్కలై, రెండు కౌంటీల సగటులో కరిగిపోతుంది. పూర్ లా యూనియన్ల (బీదల పోషణ కోసం కొన్ని పారిష్‌లను కలిపి ఏర్పరచిన పరిధుల) స్థాయిలో లెక్కిస్తే గుంపు గుంపుగానే కనబడుతుంది. వాటి జనాభా అంకెలు పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం వారి ‘విజన్ ఆఫ్ బ్రిటన్’ సైటులో ఉచితంగా దొరుకుతాయి. అయితే యూనియన్లు కౌంటీ గీతలను పట్టించుకోలేదని గుర్తుంచుకోండి. నాటింగ్‌హామ్‌షైర్ ఊరైన స్టేపుల్‌ఫోర్డ్ ఆ రోజుల్లో డెర్బీషైర్‌లోని షార్డ్‌లో యూనియన్ కింద ఉండేది. 1837 జూలై 1 నుంచి మొదలైన జనన మరణ రిజిస్టర్ల సూచికలో ఆ ఊరి పుట్టుకలు షార్డ్‌లో పేరు మీదే కనిపిస్తాయి. నాటింగ్‌హామ్ పేరుతోనే వెతికి, లేరని తీర్మానించేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. వీలునామాలతోనూ ఇదే చిక్కు. 1858కి ముందు అవి చర్చి న్యాయస్థానాల చేతిలో ఉండేవి. 1837 దాకా ఎరివాష్‌కు నాటింగ్‌హామ్‌షైర్ వైపు యార్క్ డయాసిస్ (బిషప్ అధికార పరిధి), డెర్బీషైర్ వైపు లిచ్‌ఫీల్డ్ డయాసిస్. అన్నదమ్ములిద్దరు చెరో ఒడ్డున చనిపోతే వాళ్ల కాగితాలు వేర్వేరు నగరాలకు చేరాయి.

ఇలా పటం గీస్తే అటెన్‌బరోల సాంద్రత నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దు చుట్టూ చిక్కబడుతుంది. దక్షిణాన లండన్‌లో మరో మచ్చ కూడా ఉంటుంది. దాన్ని చూసి ‘దగ్గరివాడు’ వివరణ గెలిచిందని తొందరపడకండి. రెండో గుంపు కనబడినప్పుడల్లా మొదట వృత్తి గడి చూడాలి. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు వ్యాపారం. ఫ్లీట్ స్ట్రీట్‌లో, ఛాన్సరీ లేన్ మూల మీద ఆ పేరున్న దుకాణం ఊరందరికీ తెలుసు. ఒకే వృత్తి పట్టుకున్న నగరపు గుంపు అంటే చాలాసార్లు ఒకరు వెళ్లి స్థిరపడి, తరువాత చుట్టాలను పిలిపించుకున్న వలస అని అర్థం. మధ్యయుగాల నాటి వేరు మూలమైతే పల్లెల్లో రైతులు, కూలీలు కూడా ఆ పేరుతో కనబడతారు. 1674 నుంచి 1913 దాకా ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల నివేదికలు ఉచితంగా చదువుకోవచ్చు. దొంగసొత్తు కేసుల్లో తాకట్టు వ్యాపారులు సాక్షులుగా పదేపదే వస్తారు. అక్కడ ఇరవైసార్లు పేరు కనబడినా మనుషులు ఇద్దరు ముగ్గురే కావచ్చు, కాబట్టి ఆ నివేదికలను సంఖ్యకు వాడకండి, దుకాణం చిరునామాకు వాడండి.

పటం ఇచ్చిన తీర్పును ఇంకో దారిలో సరిచూసుకునే అవకాశం ఈ పేరుకు దొరికింది. తండ్రి నుంచి కొడుకుకు ఇంటిపేరుతో పాటే వై క్రోమోజోమ్ కూడా దిగుతుంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 బ్రిటిష్ ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోమ్‌లను పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. అటెన్‌బరోల్లో 87 శాతం మందిది దాదాపు ఒకే రకం అని తేలింది. అక్షరాలు వేరుగా రాసుకునే శాఖలు కూడా అందులోకే వచ్చాయి. స్మిత్ (కమ్మరి) లాంటి వృత్తి పేరులో ఇలాంటి ఐక్యత కనబడదు. అయినా ఈ అంకె ఒకే మూలపురుషుడు ఉన్నాడని నిరూపించదు. మొదట్లో నలుగురైదుగురు ఆ పేరు పెట్టుకున్నా, కొడుకులు లేక కొన్ని వంశాలు ఆగిపోయి ఒక్కటే మిగిలి ఉండవచ్చు. అరుదైన పేర్లలో ఇది మామూలుగా జరిగేదే. అందుకే జన్యువుల మాటను పటం పక్కన పెట్టి చదవాలి. ఒకే వంశం, ఒకే ప్రాంతం, ఆ ప్రాంతం మధ్యలో అదే పేరున్న ఊరు. మూడూ కలిసినప్పుడు ఊరి వివరణ వైపు మొగ్గడం న్యాయం.

అభ్యాసానికి ఎంట్విసిల్ అనే ఇంటిపేరు తీసుకోండి. లాంకషైర్‌లో బోల్టన్‌కు ఉత్తరాన అదే పేరుతో చిన్న పల్లె ఉంది. 1851 జనగణనలో అరవై దాటిన ఎంట్విసిల్‌ల పుట్టిన ఊళ్లు రాసుకుని, పల్లె చుట్టూ పదిహేను కిలోమీటర్ల వలయం గీసి, ఎంతమంది లోపల, ఎంతమంది బయట ఉన్నారో చూడండి. బయట ఉన్న ప్రతి చుక్కకూ వృత్తి గడి చదవండి. లాంకషైర్ జనాభా పెద్దది కనుక ఇక్కడ లక్షకు లెక్క వేయకపోతే మీ అంకెలు ఎందుకూ పనికిరావు.

నాలుగో పాఠంలో జనగణనకు వెనక్కి వెళతాం. నాటింగ్‌హామ్‌షైర్‌కు 1664, 1674 పొయ్యి పన్ను (ఇంట్లోని పొయ్యిల లెక్కన వేసిన పన్ను) జాబితాలు, 1641–42లో పద్దెనిమిదేళ్లు నిండిన మగవాళ్లతో ప్రమాణం చేయించిన పత్రాలు మిగిలి ఉన్నాయి. 1538లో మొదలైన పారిష్ రిజిస్టర్లతో వాటిని కలిపి చదువుతాం. పొయ్యి పన్ను జాబితాలో ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది కాబట్టి, దానితో పోల్చడానికి మీ పట్టికలో ‘ఇంటి యజమాని’ అనే గడి ఒకటి ఇప్పుడే చేర్చి నింపి ఉంచండి.