అవుట్‌లుక్ స్క్రిప్ట్‌ను రాత్రికి వదిలి వెళ్లే ముందు

అవుట్‌లుక్ ద్వారా మెయిల్స్ పంపే స్క్రిప్ట్ రాసి, రాత్రికి షెడ్యూల్ చేయబోతున్నారా? ముందు ఒకసారి పగటిపూట, ఎదురుగా కూర్చుని నడిపి చూడండి. అన్ని మెయిల్స్ మీ అడ్రస్‌కే పంపుకోండి. ‘ఒక ప్రోగ్రామ్ మీ తరఫున మెయిల్ పంపాలని చూస్తోంది’ అని పాపప్ వచ్చిందంటే రాత్రికీ వస్తుంది. అప్పుడు ‘అలౌ’ నొక్కే దిక్కుండదు. స్క్రిప్ట్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఆ లైను దగ్గరే ఆగిపోతుంది.

2000లో ఐ లవ్ యూ వైరస్ అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకుంది. ఆ తర్వాత పెట్టిన కాపలా ఇది. వైరస్ చేసిన పనీ మన స్క్రిప్ట్ చేసే పనీ పైకి ఒకేలా ఉంటాయి మరి!

చాలామందికి ముందు తట్టేది సెండ్‌కీస్‌తో, అంటే కీబోర్డ్ కీలను కోడే నొక్కే కమాండ్‌తో, పాపప్‌లో ఆ బటన్ నొక్కించడం. నేనూ ట్యాబ్, ఎంటర్ నొక్కేలా రాశాను. సరిగ్గా అప్పుడే ఎక్సెల్ ‘సేవ్ చేయాలా?’ అంటూ ముందుకొచ్చింది. ట్యాబ్‌తో ‘డోంట్ సేవ్’ మీదికి జరిగింది, ఎంటర్ పడింది. మధ్యాహ్నమంతా చేసిన షీటు పోయింది. ఏ విండో ముందుంటే కీ దానికే తగులుతుంది. ఆ దారి వద్దు.

అవుట్‌లుక్ 2007 నుంచి, యాంటీవైరస్ అప్‌డేట్‌గా ఉంటే మామూలుగా ఈ పాపప్ రాదు. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్‌లోకి వెళ్లి ప్రోగ్రమాటిక్ యాక్సెస్ తెరిస్తే యాంటీవైరస్ స్టేటస్ కనిపిస్తుంది. ‘ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటే ముందు దాన్ని సరిచేయండి. అక్కడే ‘ఎప్పుడూ హెచ్చరించవద్దు’ అనే ఆప్షన్ ఉంది, టెంప్ట్ అవకండి. అది మీ ఒక్క స్క్రిప్ట్‌కే కాదు, ఆ మెషిన్‌లో దూరిన ప్రతి ప్రోగ్రామ్‌కీ తలుపు తీసినట్టే.

కోడ్ అవుట్‌లుక్ లోపలి వీబీఏలోనే (ఆఫీస్‌లో మాక్రోలు రాసే భాష) ఉంటే, అక్కడ సిద్ధంగా ఉన్న అప్లికేషన్ ఆబ్జెక్ట్‌నే వాడండి. క్రియేట్‌ఆబ్జెక్ట్ కమాండ్‌తో కొత్తది తెస్తే అవుట్‌లుక్ దాన్ని నమ్మకపోవచ్చు. పది పదిహేను మెయిల్సే అయితే కోడ్‌లో సెండ్ బదులు, మెయిల్‌ను తెరిచి చూపే డిస్‌ప్లే పెట్టి, చూసుకుని మీరే పంపండి.

మనిషి లేకుండా రోజూ నడవాల్సిన పనికి మాత్రం అసలు అవుట్‌లుక్ వద్దనే అంటాను. అలా వాడటానికి మైక్రోసాఫ్టే సపోర్ట్ ఇవ్వదు. పైగా విండోస్‌లోని ‘న్యూ అవుట్‌లుక్’ యాప్‌లో ఈ పాత స్క్రిప్ట్‌లు పనిచేయవు. మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌తో (మైక్రోసాఫ్ట్ సర్వీసులను కోడ్‌తో వాడుకునే ఏపీఐ) గానీ, 587 పోర్ట్‌లో ఎస్‌ఎంటీపీతో (మెయిల్ సర్వర్‌కు నేరుగా పంపే పద్ధతి) గానీ పంపితే పాపప్ గొడవే ఉండదు. జీమెయిల్‌కైతే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని స్క్రిప్ట్ లాగిన్ కోసం 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవచ్చు. దాన్ని స్క్రిప్ట్‌లో రాసి పెట్టకండి, పాస్‌వర్డ్‌లు దాచే విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో పెట్టండి.