విజయవాడలో బుడమేరు వాగు పక్కన ఉండేవాళ్లు వానలకు ముందే చదవండి: వరద నష్టం సర్వే రోజు ఇంటికి తాళం వెయ్యొద్దు

అల్పపీడనం అని వార్తల్లో వినపడగానే సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వాళ్లకు కంటిమీద కునుకుండదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి కాబట్టి బియ్యం పైన పెట్టుకోండి, కరెంటు మెయిన్ ఆపండి అని మనకెవరూ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది వరద తగ్గాక, పోయిన సామాన్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం గురించి. మా చుట్టుపక్కల ఆ డబ్బు చేజార్చుకున్నవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఒక్కటే, సర్వే వాళ్లు వచ్చేసరికి ఇంటికి తాళం.

అప్పట్లో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25,000, మొదటి అంతస్తు ఆపైన ఉన్నవాళ్లకు 10,000, బైకుకు 3,000, ఆటోకు 10,000 ప్రకటించారు. అప్పటి కేంద్రం నిబంధనల్లో బట్టలకు 2,500, గిన్నెలు సామాన్లకు 2,500 మాత్రమే ఉంది, మిగతాది రాష్ట్రం ఎంత కలిపితే అంత. ఎంతిచ్చినా నమోదు మాత్రం వార్డు సచివాలయం సిబ్బంది గుమ్మం ముందు నిలబడి చేసేదే. పక్కవీధి పెద్దమ్మ ఇంట్లో స్విచ్‌బోర్డు పైదాకా బురద గీత, ఫ్రిజ్ పక్కకు పడి తలుపు ఊడిపోయి ఉంది, బీరువాలో చీరలన్నీ ముద్దయిపోయాయి. కంపు భరించలేక తాళం వేసి కూతురింటికి వెళ్లింది, సర్వే వాళ్లు వచ్చి చూసి వెళ్లిపోయారు. ఆ తర్వాత లిస్టులో పేరు లేదని ఆమె సచివాలయం చుట్టూ తిరిగిన తిరుగుడు చూస్తే కడుపు తరుక్కుపోయింది. అంత నష్టం జరిగిందని వీధి వీధంతా చెప్పినా, నమోదు సమయానికి మనిషి లేడు కాబట్టి మళ్లీ అర్జీ, మళ్లీ క్యూ.

అందుకే చెబుతున్నా, ఊరెళ్లాల్సి వస్తే వెళ్లండి, పిల్లల్ని ముసలివాళ్లని పంపించేయండి, కానీ ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఎవరూ ఉండలేకపోతే పక్కింటివాళ్లకు నంబరిచ్చి, సర్వే మన వీధికి రాగానే ఫోన్ చెయ్యమనండి, పని మానుకునైనా వచ్చి నిలబడండి.

అద్దెకుండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంటుంది, ఇల్లేమో ఓనరు పేరు మీద ఉంటుంది, ఓనరొచ్చి నా ఇల్లని రాయించుకుంటే సామాన్లు పోయిన మీరు దిక్కులు చూడాలి. అద్దె అగ్రిమెంటు, ఈ అడ్రస్‌తో ఉన్న గ్యాస్ బిల్లు ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి, ఫోటోలు తీసి ఊళ్లో ఉన్న అన్నకో చెల్లికో వాట్సాప్‌లో పంపండి.

బ్యాంకు సంగతి ఈ వారమే చూసుకోండి. డబ్బు పడేది ఆధార్‌కు చివరిగా లింకైన ఖాతాలో, మీరు రోజూ వాడే ఖాతాలోనే పడుతుందని లేదు. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాకు లింకై ఉంటే డబ్బు అక్కడికి పోతుంది, అది మూతపడి ఉంటే వెనక్కి పోతుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ అని ఉంటుంది, ఏ బ్యాంకుకు లింకై ఉందో అక్కడ కనిపిస్తుంది.

ఇంకా వినండి. కడగడానికి ముందు ఫోటోలు తియ్యండి, నీటి గీత, ఫ్రిజ్, మంచం, బైకు నంబరు ప్లేటు కనపడాలి. పాడైన సామాను సర్వే అయ్యేదాకా పారెయ్యొద్దు, మరీ కుళ్లినవైతే ఫోటో తీసి పారెయ్యండి. ఏ అంతస్తని రాశారో అడగండి, గ్రౌండ్ ఫ్లోర్‌ను పై అంతస్తని రాస్తే, 2024 లెక్కన 15,000 పోయినట్టే. ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అంకె అంకె చదివి వినిపించమనండి. ఎవరికీ పైసా ఇవ్వొద్దు. సాయం డబ్బు వచ్చింది ఓటీపీ చెప్పమంటే ఫోన్ పెట్టెయ్యండి. సచివాలయంలో లిస్టు పెట్టగానే మీరే వెళ్లి చూసుకోండి, పేరు లేకపోతే ఆ రోజే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. అర్జీ ఇచ్చాక మళ్లీ చూడ్డానికి వస్తారు, అప్పుడు కూడా తాళం వెయ్యొద్దు.