పొక్లెయిన్ పొగ, డీజిల్ రెండూ తగ్గాయిలా

ఆకివీడు దగ్గర చేపల చెరువులు తవ్వే 20 టన్నుల పొక్లెయిన్ నాది. మొన్న వేసవిలో నల్లపొగ మొదలైంది, డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలన్నాడు మెకానిక్. గుండె జారింది గానీ, ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పించాను. పక్కనంతా దాళ్వా (రెండో పంట వరి) కోతలు. మడతల నిండా గడ్డి నుసి అట్టకట్టేసి ఉంది. గాలి చాలకపోతే డీజిల్ పూర్తిగా కాలదు, నల్లపొగ అదే. కొత్త ఫిల్టర్ వేశాం, పొగ పోయింది. (పాతదాన్ని గాలి కొట్టి మళ్లీ బిగించకండి. కాగితం చిరిగితే దుమ్ము ఇంజన్‌లోకే.)

డీజిల్ మాత్రం అనుకున్నంత తగ్గలేదు. ఒక రోజంతా గట్టు మీద కూర్చుని చూశాను. మట్టి మోసే ట్రాక్టర్లు తిరిగొచ్చేదాకా బండి ఊరికే ఆన్‌లో ఉంటోంది, మొత్తం 3 గంటలు!

"ఆపితే ఏసీ పోద్దండి, ఎండకి మాడిపోతాం" అన్నాడు ఆపరేటర్. మే నెల, అతని తప్పేముంది? కొబ్బరాకుల పందిరి వేయించి, చల్లటి నీళ్ల క్యాన్ పెట్టించాను. ఇప్పుడు 5 నిమిషాలు దాటితే ఆఫ్. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో చల్లారాలి కదా, బరువు పని అయ్యాక రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపుతాడు. లీవర్లు కదపనప్పుడు ఇంజన్ వేగాన్ని తనే తగ్గించే ఆటో ఐడిల్ స్విచ్‌ని అయితే కొన్ననాటి నుంచి ఎవరూ ముట్టుకోలేదట.

గంటకి 4 లీటర్ల లెక్కన రోజుకి 12 లీటర్ల దాకా మిగిలాయి. లీటరు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే రోజుకి 32 కిలోల దాకా తగ్గినట్టే.

బకెట్‌కి అంటుకునే నల్లరేగడికి మాత్రం మందు దొరకలేదు. పారతో గీకిస్తున్నాను.