శుక్లం ఆపరేషన్ తర్వాత ఒకటి రెండుగా కనిపిస్తే

మందులు, స్కానింగుల కంటే ముందు అరచేత్తో ఒక కన్ను మూసి చూడాలి, తర్వాత రెండోది. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒక్క కన్నుతో చూసినా రెండు బొమ్మలే ఉంటే లోపం ఆ కంటిలోనే. అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి అందులోంచి చూడండి. రెండో బొమ్మ పోతే సాధారణంగా మిగిలిపోయిన సిలిండర్ పవరో (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేక వచ్చే పవర్), కన్ను పొడిబారడమో కారణం. అద్దాలతో, చుక్కల మందుతో సర్దుకుంటుంది. నెలల తర్వాత మొదలైతే ఆపరేషన్‌లో పెట్టిన లెన్స్ వెనక పొర మసకబారి ఉండొచ్చు, దానికి ఆ పొరలో దారి చేసే యాగ్ లేజర్. లెన్స్ పక్కకు జరిగితే మాత్రం మళ్లీ ఆపరేషన్ మాట వస్తుంది.

ఏ కన్ను మూసినా ఒకటే కనిపిస్తే రెండు కళ్ల పొందిక తప్పినట్టు. మత్తు సూది వల్ల మొదటి రోజు ఇలా ఉండటం మామూలే. రోజులు గడిచినా పైనొకటి కిందొకటి కనిపిస్తుంటే, ఆ సూది వల్ల కంటి కింది కండరం దెబ్బతిందేమో చూడాలి. అది మొదట బలహీనపడి, తర్వాత బిగుసుకుపోతుంది. అందుకే తొలి వారాల కొలతతో ప్రిజం అద్దాలు (రెండు బొమ్మలను ఒకచోటికి తెచ్చేవి) చేయించడం డబ్బు దండగ. అద్దం మీద అంటించే ఫ్రెనెల్ ప్రిజం చాలు. కొలత కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే శాశ్వత ప్రిజం, లేదా కండరానికి సర్జరీ. శుక్లం చాటున దాగిన పాత మెల్ల బయటపడటమూ ఉంది. రెండు కళ్ల పవర్ల మధ్య 3 డయాప్టర్ల తేడా ఉన్నా ఇబ్బందే, కాంటాక్ట్ లెన్స్‌తో తీరుతుంది.

రెండు బొమ్మలు సర్దుకునేవరకూ ఒక కంటికి ప్యాచ్, బండి నడపొద్దు. రెప్ప వాలినా, కంటిపాప పెద్దదైనా, తలనొప్పి తీవ్రంగా ఉన్నా, నొప్పి ఎరుపుతో చూపు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.